ఊరికే ఆడొచ్చా?

రాయలసీమలో ఆడనివాళ్ళంటూ లేరు. పెళ్ళి మెరవణిలో పెళ్ళికొడుకు మేనమామ ఎగురుతాడు. వినాయక నిమజ్జనంలో కాలేజీ కుర్రాళ్ళు ఎగురుతారు. పీర్ల పండక్కి గూగూడులో గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ కలిసే ఆడతారు. దసరాకు దేవరగట్టులో గొరవయ్యలు డమరుకం పట్టి తిరుగుతారు. ఇక రాములగుడి ముందు చెక్కభజన చూడని పల్లె మనిషి ఉండడు. అయితే వీళ్ళలో ఎవరైనా ఒక మామూలు మంగళవారం పొద్దున, పండగా పెళ్ళీ లేకుండా, మందు వేసుకోకుండా, ఆడాలనిపించింది కదా అని ఇంటి ముందు నాలుగు అడుగులు వేస్తే వీధి ఏమంటుంది? మగవాడైతే "పొద్దున్నే తాగినాడా ఏంది" అంటారు. ఆడమనిషైతే అంతటితో ఆగరు.

ఏటా ఏప్రిల్ 29 ప్రపంచ నృత్య దినోత్సవం. ఆ రోజు డాన్స్ స్కూళ్ళు పెట్టే పోస్టుల్లో నృత్యమంటే స్వేచ్ఛ, నృత్యమంటే మనసులోని మాట అని తప్పకుండా ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అందులో వేరువేరు సంగతులు కలగాపులగమైపోయాయి. ఒంటితో ఏదో చెప్పడం ఒకటి. ఒళ్ళు మరచి కాసేపు తేలికపడటం ఇంకొకటి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు ఆడాలో, అసలు ఆడాలో వద్దో తానే తేల్చుకోగలగడం మరొకటి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉంటుందని లేదు. కర్నూలు, అనంతపురం, కడప తట్టున కళ్ళెదుట కనిపించే ఆటల్ని పట్టుకుని ఈ ముడి విప్పుకుంటూ పోతే, స్వేచ్ఛ సంగతి తేలేది అడుగుల దగ్గర కాదని, ఆ అడుగులకు అనుమతి ఇచ్చేవాళ్ళ దగ్గరని నాకనిపిస్తుంది.

ఒంటితో మాట చెప్పడానికి కడప జిల్లాలో ఉన్నంత గట్టి ఉదాహరణ ఇంకోచోట దొరకదు. పెన్న ఒడ్డున సిద్ధవటం కోట ఉంది కదా, కథ అక్కడిది. కల్నల్ మెకంజీ మనుషులు 19వ శతాబ్దం మొదట్లో ఊరూరా తిరిగి రాయించిన గ్రామచరిత్రల్లో మాచుపల్లె కైఫీయతు ఒకటి. విజయనగరాన్ని వీరనరసింహరాయలు ఏలుతున్న కాలంలో, అంటే 16వ శతాబ్దం తొలినాళ్ళలో, సిద్ధవటం సీమ సమ్మెట గురవరాజు చేతిలో ఉండేదని, డబ్బు రాబట్టడానికి అతను ఆడవాళ్ళను చిత్రహింసలు పెట్టేవాడని అందులో ఉంది. ఆ హింస ఎలాంటిదో కైఫీయతు దాచకుండా చెప్పింది, నాకు మాత్రం ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఆ దారిన వచ్చిన కూచిపూడి భాగవతులు అది చూశారు. అక్కడే నోరెత్తితే తలలు దక్కవు. నేరుగా విజయనగరం పోయి రాయల ముందు ఆట కట్టారు. పురాణకథకు బదులు తాము చూసివచ్చిందే ఆడారు. ఒకరు గురవరాజు, ఒకరు అతని బంటు, ఒకరు బాధపడుతున్న ఆడమనిషి. రాయలకు సంగతి అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి మరణశిక్ష వేయించాడు.

ఇది కాగితమెక్కింది మూడు వందల ఏళ్ళ తర్వాత. అన్నేళ్ళు జనం నోట నిలిచిందంటేనే దానికున్న బలం తెలుస్తుంది. ఫిర్యాదు రాసి ఇచ్చినవాడు పేరుతో సహా దొరికిపోతాడు. ఆటలో చెప్పినవాడికి మాత్రం "ఇది వట్టి కథ, దొరా" అని తప్పుకునే సందు ఉంటుంది. చూసేవాడికి అర్థం కావలసింది ఎలాగూ అవుతుంది. పాలకులకు ఈ సందు బాగా తెలుసు. 1876లో బ్రిటిష్ ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చినప్పుడు మాటల్లేని మూకాభినయాన్ని కూడా అందులో చేర్చింది. ఆ చట్టం స్వతంత్రం వచ్చాక కూడా పుస్తకాల్లో ఉండిపోయి 2018లో గానీ రద్దు కాలేదు.

కానీ సిద్ధవటం కథలో ఒక చిన్న సంగతిని మనం గబగబా దాటేస్తుంటాం. ఆ బాధపడే ఆడమనిషి వేషం వేసింది మగవాడు. అప్పటి కూచిపూడి మేళాల్లో ఆడవాళ్ళకు చోటు లేదు. అంటే సిద్ధవటం ఆడవాళ్ళ బాధ రాజు కొలువు దాకా పోయింది, వాళ్ళు మాత్రం పోలేదు. వాళ్ళ తరఫున ఇంకొకరి ఒళ్ళు మాట్లాడింది. అది గొప్ప పనే, ప్రాణాలకు తెగించిన పని. అయినా ఒకరి మాటను ఇంకొకరు ఎంత బాగా ఆడి చూపించినా, ఆ మాట ఎవరిదో వాళ్ళకు స్వేచ్ఛ వచ్చినట్టు లెక్క కాదు.

ఇంతకీ అన్ని ఆటలూ ఏదో ఒకటి చెప్పాలని ఎక్కడుంది? చెక్కభజన చూడండి. చేతుల్లో చెక్కలు, వాటికి ఇత్తడి బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు. నడుమ గురువు తాళం పట్టుకుని పాట ఎత్తుకుంటాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు అందుకుంటారు. మొదట నెమ్మదిగా, పిచ్చాపాటీ నడకలా ఉంటుంది. పక్కవాడి వైపు వంగి చెక్క తగిలించి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు. పాట మూడో చరణానికి వచ్చేసరికి దరువు పెరుగుతుంది. అంతకుముందు నడుంనొప్పి అని మూలుగుతున్న పెద్దాయన కూడా గొంతుక్కూర్చుని లేచి, గాల్లోనే తిరిగి, చెక్క తప్పకుండా వాయిస్తాడు. పాట రాముడిది. నిజమే. అయితే ఆ మలుపుకూ రాముడి కథకూ సంబంధం ఏమిటి? ఏమీ లేదు. అది అర్థం కోసం వేసిన అడుగు కాదు. వేస్తే బాగుంటుంది కాబట్టి వేశారు.

ఈ అనుమానం కొత్తది కాదు. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో మునులు భరతుణ్ణి సరిగ్గా ఇదే అడుగుతారు. అభినయమంటే అర్థాన్ని చూపించడానికి పుట్టింది, బాగుంది. మరి నృత్తం ఎందుకు? అది పాట అర్థాన్నీ పట్టుకోదు, మాట భావాన్నీ పట్టుకోదు కదా? భరతుడి జవాబులో ఏ దాపరికమూ లేదు. నృత్తానికి ఏ అర్థమూ అక్కర్లేదు, అది శోభ పుట్టిస్తుంది, అందుకే ఉంది అంటాడు. దాదాపు లోకమంతటికీ నృత్తం స్వభావం చేతనే ఇష్టమని, పెళ్ళిళ్ళకూ బిడ్డ పుట్టినప్పుడూ అల్లుడు ఇంటికి వచ్చినప్పుడూ ఆడేది అందుకేనని కూడా చెబుతాడు. శాస్త్రం పేరు చెప్పి జనం ఆటల్ని చిన్నచూపు చూసేవాళ్ళకు ఈ శ్లోకాలు ఎందుకో గుర్తుకు రావు.

ఇప్పటి కోర్టులు మాత్రం భరతుడంత ఉదారంగా లేవు. అమెరికాలోని డాలస్ నగరంలో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు మాత్రమే ప్రవేశం ఉండేలా డాన్స్ హాళ్ళకు ఒక నియమం పెట్టారు. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1989లో కోర్టు తేల్చింది ఏమిటంటే, సరదాకి ఆడే డాన్సు భావప్రకటన కిందికి రాదు. వీధిలో నడవడంలోనూ, మాల్‌లో స్నేహితులను కలవడంలోనూ వెతికితే కాస్త భావం దొరుకుతుంది, అంతమాత్రాన వాక్ స్వాతంత్ర్యం వర్తించదు అంది. మన రాజ్యాంగంలో కూడా 19(1)(ఎ) అధికరణం ఇచ్చేది వాక్కుకూ భావప్రకటనకూ స్వేచ్ఛ. అంటే ఆటలో ఏదో చెబుతున్నట్టు రుజువు చేసుకోగలిగితే రక్షణ గట్టిగా ఉంటుంది. "ఏం చెప్పడం లేదు సార్, ఊరికే ఆడుతున్నా" అన్నవాడి చేతిలో అంత బలమైన కాగితం లేదు. ఆ అమాయకపు ఊరికే ఆటనే ప్రపంచమంతా గట్టిగా నిఘాలో పెట్టింది. లైసెన్సు లేని హోటళ్ళలో, బార్లలో జనం లేచి ఆడకూడదన్న 1926 నాటి చట్టాన్ని న్యూయార్క్ 2017లో గానీ ఎత్తేయలేదు. జపాన్‌లో క్లబ్బుల్లో అర్ధరాత్రి దాటాక ఆడనిచ్చే సడలింపు 2016లో వచ్చింది. స్వీడన్‌లో డాన్స్ జరిగే చోటికి పర్మిట్ తీసుకోవాలన్న నియమం పోయింది 2023లో.

ఎందుకు ఆడబుద్ధి అవుతుందన్నదానికి శాస్త్రజ్ఞుల దగ్గర కొంత జవాబు ఉంది. పుట్టి రెండు మూడు రోజులైన పసిబిడ్డల మెదడు కూడా దరువులో ఒక దెబ్బ తప్పితే గుర్తుపడుతుందని 2009లో ఒక పరిశోధన చూపించింది. దరువు వినగానే తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే లెక్క వేసుకుంటుంది, ఆ లెక్కలో చెవితోపాటు కాళ్ళూ చేతులూ కదిలించే భాగాలూ పాలుపంచుకుంటాయి. కాబట్టి తప్పెట వినపడగానే కాలు ఆడించడం అల్లరి కాదు, మన నిర్మాణమే అంత. ఆ కాలిని బలవంతాన ఆపుకోవడమే మనం నేర్చుకున్న విద్య.

ఇక ఒళ్ళు మరచిపోయే ఆట. కర్నూలు తట్టు గొరవయ్యను చూసినవాళ్ళు మరచిపోరు. తలకు ఎలుగుబంటి బొచ్చు టోపీ, భుజాన నల్ల కంబళి, ఒంటినిండా గవ్వలు, ఒక చేత డమరుకం, ఇంకో చేత పిల్లనగ్రోవి. కురువల్లో దీక్ష తీసుకుని మల్లయ్య సేవకు ఒళ్ళప్పగించినవాళ్ళు. దరువు వేగం అందుకున్నాక వాళ్ళలో కొందరు దేవుడి వాకిట కుక్కల్లా మొరుగుతారు, గిన్నెలో పోసిన పాలు నోటితోనే తాగుతారు. దేవరగట్టులో గొరవయ్య చెప్పే కార్ణికం వినడానికి జనం విరగబడతారు. ఈ ఏడు వానలెట్లా, ధరలెట్లా అన్నది ఆ నోటినుంచే వినాలి. ఇక్కడ ఆడుతున్నది ఎవరు అంటే ఫలానా మనిషి అని ఎవరూ చెప్పరు. ఆ మనిషి లేడు, దేవుడున్నాడు. మనసులోని మాట చెప్పడమే నాట్యం అనేవాళ్ళకు ఇక్కడ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే ఆడేవాడే ఆ మాట నాది కాదు అంటున్నాడు.

అయినా అందులో ఒక రకం విడుదల ఉంది. పల్లె జాతరలో పూనకం వచ్చిన ఆడమనిషిని గమనించండి. ఏడాది పొడుగునా మామ ఎదుట తలెత్తని కోడలు జుట్టు విరబోసుకుని తప్పెట దరువుకు ఊగుతూ, "ఏరా, నన్ను మరిచిపోయినారా" అని ఇంటి మగవాళ్ళందరినీ నిలదీస్తుంది. వాళ్ళు చేతులు కట్టుకుని "తప్పయింది తల్లీ" అంటారు. పసుపునీళ్ళు పోస్తారు, అడిగింది ఇస్తామని ఒప్పుకుంటారు. ఐ.ఎం. లూయిస్ అనే మానవశాస్త్రవేత్త 1971లో దీని గురించే వాదించాడు. మామూలుగా నోరు లేనివాళ్ళకు పూనకం ఒక దొడ్డిదారి, నేరుగా అడగలేనిది దేవత పేరుతో అడుగుతారు అన్నాడు. నటన అని ఆయన అర్థం కాదు, నేనూ అనను. కానీ దరువు ఆగాక ఆమె మళ్ళీ కొంగు తలమీద వేసుకుని నీళ్ళబిందె ఎత్తుకోవలసిందే. దేవతకు ఇచ్చిన మర్యాద ఆమె ఖాతాలో పడదు. ఆ పూట అడిగిన చీర మాత్రం దక్కవచ్చు.

అందరూ ఎగురుతున్న చోట ఎగరనివాడు ఒకడుంటాడు, తప్పెట కొట్టేవాడు. జాతర ఆటలు మూడొంతులు అతని చేతి మీదే నడుస్తాయి. తరాల తరబడి మాదిగల ఇళ్ళలో తప్పెట ఒక కళగా కంటే ఒక కట్టుబాటుగా ఉంది. చావుకు పిలిస్తే పోవాలి, పెళ్ళికి పిలిస్తే పోవాలి, దేవర చేస్తే రాత్రంతా కొట్టాలి, ఊరు చాటింపు వేయాలి. ఇంత ఇస్తామని ముందు మాట ఉండదు. రానన్నవాడికి మర్నాటి నుంచి ఊళ్ళో కూలిపని దొరకకపోవచ్చు. అతని వేళ్ళలో ఉన్న విద్య మామూలుది కాదు. నిప్పుల సెగకు తప్పెట చూపి తోలు బిగువు చూసుకోవడం, కుడిచేతి సిర్రతో ఎడమచేతి పుల్లతో దరువు మార్చడం, ఎగిరేవాడి కాళ్ళ వంక చూసి అలసిపోతున్నాడని తెలిసి మెల్లగా వేగం తగ్గించడం. ఇవన్నీ కళే. కానీ వద్దు అనే హక్కు లేని చోట ఎంత గొప్ప కళైనా వెట్టిచాకిరీనే. అనంతపురం పల్లెల్లో ఉరుములు వాయించే మాలదాసరుల సంగతి కూడా ఇంతే. పుల్లతో తోలు మీద రాపిడి పెట్టి నిజంగా మబ్బు ఉరిమినట్టు మోగించగల వాళ్ళు, అమ్మవారి కొలువుకు ఉరుము లేనిదే కుదరదు, అయినా ఆ ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు ఎక్కడుండేవో అందరికీ తెలుసు.

అందుకే దళిత ఉద్యమాలు తప్పెటను పట్టుకున్న తీరు నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. చావుకు కొట్టం అన్న ఊళ్ళున్నాయి. 1994లో మొదలైన మాదిగ దండోరా అదే తప్పెటను సభ ముందుకు తెచ్చింది. వాయిద్యం అదే, దరువులూ చాలావరకు అవే, వాయించేవాళ్ళ పిల్లలే నడుముకు ఎర్రగుడ్డ కట్టుకుని చిందు వేస్తూ కొట్టారు. మారింది ఎవరు పిలిస్తే కొడుతున్నారన్నది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. దాన్ని కళకు గౌరవం అనుకోవచ్చు, పాత బాకీలో వడ్డీ అనుకోవచ్చు. స్కూలు వార్షికోత్సవంలో బలవంతాన స్టేజీ ఎక్కించిన పిల్ల మొహం చూసినా ఇదే సంగతి చిన్న మోతాదులో కనిపిస్తుంది: ఆడకుండా ఉండగలిగినవాళ్ళ ఆటే వాళ్ళ సొంతం.

ఆడవాళ్ళ సంగతికి వస్తే ముడి మరీ చిక్కుపడింది. లేపాక్షి నాట్యమంటపంలో స్తంభాల మీద రంభ ఆడుతుంది, బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, మూడు కాళ్ళ భృంగి అడుగులు చూపిస్తాడు. దేవతలంతా పక్కవాయిద్యాలు పట్టుకుంటే నడుమ ఆడేది ఆడమనిషి. రాతిలో ఆమెకు ఏ అపవాదూ లేదు. రక్తమాంసాలతో గుళ్ళో ఆడినవాళ్ళ కథ వేరు. దేవదాసీలకు చదువు, సంగీతం, కొన్నిచోట్ల మాన్యాలు ఉండేవి, ఆ కాలపు ఇల్లాళ్ళకు లేని కదలిక ఉండేది. అదే సమయంలో పసితనంలోనే దేవుడికి ముడిపెట్టి, ఊరి పెద్దల అండ మీద బతికించిన బతుకు అది. ఆదోని, రాయదుర్గం వైపు కర్ణాటక సరిహద్దు పల్లెల్లో అలాగే దేవుడి పేర వదిలేసిన బసివిరాళ్ళ పరిస్థితి ఇంకా దారుణం, వాళ్ళకు కళ కూడా పెద్దగా మిగల్లేదు, బీదరికమూ దోపిడీ మాత్రం మిగిలాయి.

1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిరోధక చట్టం తెచ్చింది. అప్పుడు మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే. ఆడపిల్లలను దేవుడికి ఇవ్వడాన్ని నిషేధించడం దాకా ఎవరికీ పేచీ లేదు, చేయవలసిన పని అది. అయితే ఆ చట్టం ఇంకో అడుగు వేసింది. గుడి ఆవరణలో గానీ, దేవుడి ఊరేగింపులో గానీ స్త్రీ నాట్యం చేయడమే చట్టవిరుద్ధం అంది. ఇవ్వడం తప్పు అన్న మాట నుంచి ఆడటం తప్పు అన్న మాటకు ఎంత సులభంగా జారిపోయారో చూడండి. ఇంకో పక్క రుక్మిణీదేవి అరండేల్ 1936లో కళాక్షేత్రం పెట్టారు, అదే విద్య మధ్యతరగతి ఇళ్ళ ఆడపిల్లలకు గౌరవంగా అందింది. తెలుగునాట నటరాజ రామకృష్ణ పాత దేవదాసీల దగ్గర కూర్చుని నేర్చుకుని ఆంధ్రనాట్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. విద్య బతికింది, సంతోషం. దాన్ని దాచి ఇచ్చినవాళ్ళ మనవరాళ్ళకు మాత్రం ఆ పేరు చెప్పుకునే ధైర్యం చాలాకాలం లేకపోయింది.

ఇప్పుడు మన ఊళ్ళలో జరుగుతున్నది చూస్తే ఆ 1947 చట్టం రాసినవాళ్ళు నోరెళ్ళబెడతారు. ఆడవాళ్ళ కోలాటం బృందం లేని పెద్ద ఊరు అరుదైపోయింది. టీటీడీ దాససాహిత్య ప్రాజెక్టు భజన మండళ్ళు ఒక ఊతం ఇచ్చాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు మాడవీధుల్లో ఆడటం ఈ బృందాలకు ఒక కల. అందరికీ ఒకే రంగు చీర, ఒక వాట్సాప్ గ్రూపు, నెలకింత అని చందా వేసుకుని పెట్టుకున్న గురువు. రాత్రి వంటలు ముగించి గుడి ముందు దీపం కింద చేరతారు. మోకాళ్ళ నొప్పి ఉన్నావిడ, కొత్త కోడలు, అంగన్‌వాడీ టీచర్, పాలకేంద్రం నడిపే అక్క అందరూ ఒకే వరసలో ఉంటారు.

జడకోలాటం నేర్చుకునేటప్పుడు చూడాలి వాళ్ళను. పైన ఒకచోట కట్టిన రంగుతాళ్ళు తలా ఒకటి పట్టుకుంటారు. సగం మంది ఒక వైపు, సగం మంది ఎదురు వైపు. ఎదురొచ్చినావిడకు ఒకసారి లోపలి నుంచి, తర్వాతావిడకు బయటి నుంచి. పాట నడుస్తూ ఉండగా పైన తాళ్ళు జడలా అల్లుకుంటూ దిగుతాయి. తర్వాత అదే కోపు వెనక్కి వేస్తే జడ విడిపోవాలి. ఒక్కరు లోపలికి పోవలసిన చోట బయటికి పోతే ముడి పడుతుంది, పాట ఆగుతుంది, "ఎవరు తప్పినారు?" అని అందరూ పైకి చూస్తారు. నాలుగు వారాలు ముడే పడుతుంది. అయినా మర్నాడు మళ్ళీ వస్తారు. ఇంట్లో ఇంత తప్పు చేస్తే వినవలసిన మాటలు ఇక్కడ వినక్కర్లేదు, నవ్వి ఊరుకుంటారు. నాకైతే కోలాటంలోని స్వేచ్ఛ అంతా ఆ ముడి దగ్గరే కనిపిస్తుంది.

దీన్ని భక్తి అని కొట్టిపారేయడం, లేదా ఆడవాళ్ళ తిరుగుబాటు అని గొప్ప చేయడం, రెండూ తొందరపాటే. దేవుడి పాట కాబట్టి మొగుడు వద్దనలేదు. అత్త కూడా "పుణ్యమే కదా" అంది. ఆ నీడ లేకపోతే రాత్రి తొమ్మిదింటికి నడివయసు ఆడవాళ్ళు వీధిలో ఎగరడానికి ఇల్లు ఒప్పుకునేది కాదు. ఆ నీడ ఎంతవరకో కూడా వాళ్ళకు తెలుసు. అదే ఆవిడ మేనకోడలి పెళ్ళి మెరవణిలో డీజే ముందు రెండు అడుగులు వేస్తే "వయసొచ్చినాక ఇదేం పోయేకాలం" అనేవాళ్ళు తయారు. ఈమధ్య సంగీత్ ఫంక్షన్ పేరుతో ఆ గోడకు కూడా బీట పడుతోంది. అక్కడా ఒక సాకు ఉంది చూశారా, కార్యక్రమం పేరు కార్డులో అచ్చయింది, కొరియోగ్రాఫర్‌కు డబ్బు కట్టారు, అందుకని ఆడొచ్చు.

మగపిల్లలకు ఇబ్బంది లేదనుకోకండి. మెరవణిలో చొక్కా విప్పి ఎగిరితే మగతనం. అదే కుర్రాడు డిగ్రీ చదువుతూ కూచిపూడి నేర్చుకుంటానంటే తండ్రి మొహం మాడుతుంది, స్నేహితులు నడక అనుకరించి ఏడిపిస్తారు. స్త్రీవేషానికి శతాబ్దాలు చేతులెత్తి మొక్కిన తెలుగువాళ్ళం మనం. ఫోన్ వచ్చాక గదిలో తలుపేసుకుని రీల్ చేసుకునే వీలు దొరికింది గానీ, దాని కింద కామెంట్లు చదివితే మంగళవారం పొద్దుటి వీధి గుర్తొస్తుంది.

ఈ చిక్కంతా ఒకచోట చేరేది రికార్డింగ్ డాన్సుల దగ్గర. జాతరలో లారీ మీదో చెక్క స్టేజీ మీదో సినిమా పాటలు, హీరోల డూపులు, తెల్లారేదాకా ఈలలు. పోలీసులు అనుమతి ఇవ్వరు, కమిటీలు ఎవరినో పట్టుకుని జరిపిస్తాయి, ఒక్కోసారి కేసులు పడతాయి. బహిరంగంగా అసభ్య చేష్టల మీద ఉన్న పాత ఐపీసీ 294, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 296. మూడు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఆ సెక్షన్లో ఒక మెలిక ఉంది. ఆ చేష్ట ఇతరులకు చికాకు కలిగించాలి. 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఒక రిసార్టులో జరిగిన డాన్స్ కేసు కొట్టేస్తూ, పొట్టి బట్టలు వేసుకుని ఆడటం దానంతటదే అసభ్యం అయిపోదు అంది.

అంతకుముందు మహారాష్ట్ర 2005లో డాన్స్ బార్లను మూయించింది. ఆడవాళ్ళ గౌరవం కాపాడటానికే అన్నారు. పని పోయిన ఆడవాళ్ళు 75,000 మంది అని బార్ డాన్సర్ల సంఘం లెక్క. పెద్ద హోటళ్ళలో మాత్రం డాన్సు నడవనిచ్చారు. 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కోర్టు పట్టుకున్నది ప్రధానంగా సమానత్వాన్నీ, వృత్తి చేసుకునే హక్కునూ. పెద్ద హోటల్లో తప్పు కానిది చిన్న బార్లో ఎలా తప్పవుతుందన్నది ఒకటి, ఆ ఆడవాళ్ళ పొట్ట కొట్టి కాపాడేదేమిటన్నది ఇంకొకటి.

మన జాతర స్టేజీల మీద ఆడే అమ్మాయిలు స్వేచ్ఛకు ప్రతీకలని నేను రాయలేను. చాలామంది ఇంటి అప్పుల కోసం, పిల్లల ఫీజుల కోసం ఆడుతున్నారు. నోట్లు విసిరే చేతులు స్టేజీ మీదికి ఎక్కుతాయి, మైకు ఆపేశాక ఒప్పుకున్న డబ్బులో కోత పడుతుంది. నిషేధం వల్ల ఇవి పోవు. రాత్రి దొంగచాటుగా జరిగే ఆటలో ఆమెకు పోలీసు దగ్గరికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. లౌడ్ స్పీకర్లు రాత్రి పదికి ఆపాలన్న నియమం ఎలాగూ ఉంది, దాన్ని అమలు చేస్తే చాలు. దాంతోపాటు జాతర కమిటీల చేత రాయించుకోవలసినవి ఇంకో మూడున్నాయి: స్టేజీ ఎక్కకముందే డబ్బు చేతికి ఇవ్వడం, స్టేజీకీ జనానికీ నడుమ కంచె వేయడం, ఏ పాటకు ఆడనో చెప్పే మాట ఆమెకే వదిలేయడం. మొదటి రెండిటికీ కమిటీలు అంత పేచీ పెట్టవనే నా నమ్మకం. మూడోది చెబితే మాత్రం, "డబ్బు తీసుకున్నాక ఇంకా ఇదేంది?" అంటారు.